గాలివాన తర్వాత హార్డ్ డిస్క్ టిక్ టిక్ అంటుంది, డి డ్రైవ్ ఫార్మాట్ చెయ్యాలా అని అడుగుతుంది. ఫొటోలు, ట్యాలీ ఎట్ల తియ్యాలె?

వడ్డేపల్లి_కట్ట

అందరికీ నమస్తే. హన్మకొండలో ఇంట్లో వాడే డెస్క్‌టాప్ గురించి సాయం కావాలె. విండోస్ 10 ఒక 240 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద ఉంది. డేటా అంతా 1 టీబీ హార్డ్ డిస్కులో, డి డ్రైవ్. 3.5 అంగుళాల డిస్కు, 2016లో కొన్నది.

మొన్న గాలివాన మొదలైనప్పుడు హాల్లో లైటు ఒక్కసారి బాగా వెలిగింది, ఫ్యాన్ జోరుగ తిరిగింది. అదే టైంలో వంటింట్లో లైటు మసకబారింది. తర్వాత కరెంటు పోయింది. మళ్లీ వచ్చినంక సీపీయూ ఆన్ కాలేదు. రిపేర్ షాపులో ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకు కరెంటు ఇచ్చే డబ్బా) కాలిందని కొత్తది వేసి ఇచ్చిన్రు. ఇప్పుడు విండోస్ వస్తుంది కానీ హార్డ్ డిస్కు ఆన్ కాంగనే మూడు నాలుగు సార్లు టిక్ టిక్ అంటుంది. బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) ఒకసారి కనబడితే ఇంకోసారి కనబడదు. కనబడ్డప్పుడు డి డ్రైవ్ తెరిస్తే ఫార్మాట్ చెయ్యమని అడుగుతుంది. చెయ్యలేదు.

డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో పసుపు రంగుతోటి కాషన్ అని ఉంది. 05 దగ్గర 8, సీ5 దగ్గర 138, సీ6 దగ్గర 138, సీ7 దగ్గర 5ఏ2.

కావాల్సినవి: 2011 నుంచి ఇంటి ఫొటోలు, వీడియోలు (దాదాపు 180 జీబీ), నాన్న ఎరువుల దుకాణం ట్యాలీ ఈఆర్‌పీ 9 (లెక్కల ప్రోగ్రాము) డేటా నాలుగేళ్లది, భూమి కాయితాల స్కాన్లు. షాపతను చెక్‌డిస్క్ కొడితే సెట్ అయితది అంటుండు. తెలిసినాయన ఒకరు డిస్కును రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టమన్నరు. ఏది ముందు చెయ్యాలె? ఇంట్లో చేసుకోగలిగేది ఎంత, డేటా తీసే ల్యాబ్‌కు ఎప్పుడు పంపాలె? మళ్లీ ఇట్ల కాకుండ ఏం చెయ్యాలె?

డిస్కు_మేస్త్రి

తమ్మీ, ముందుగాల ఆ డిస్కుకున్న రెండు తీగలు పీకి పక్కన పెట్టు. డేటా తియ్యడానికి అంతా తయారయ్యేదాక దానికి కరెంటు ఇయ్యకు. విండోస్ ఆన్ కాంగనే డిస్కును ఊకె వదలది. వాల్యూమ్ ఎక్కించబోతది, ఇండెక్స్ కోసం చదవబోతది, ఫోల్డర్ తెరిస్తే బొమ్మల థంబ్‌నెయిళ్లు చేయబోతది. పాడైన సెక్టారు తగిలిన ప్రతిసారి హెడ్డు (తిరిగే పళ్లెం మీద డేటా చదివే ముల్లు) మల్ల మల్ల అదే జాగల కొట్టుకుంటది. అందుల ఎంత ఓపిక మిగిలిందో ఎవలకు తెల్వది. ఆ మిగిలినదాన్ని ఒక్కసారి పూర్తి కాపీకే ఖర్చు పెట్టాలె.

చెక్‌డిస్క్ అస్సలు వద్దు. అది నీ ఫైళ్లను కాపాడే పనిముట్టు కాదు. ఫైల్ సిస్టం లెక్క సరి చేసుడే దాని పని. లెక్కకు రాని ఎంట్రీని తీసేస్తది, లేకుంటె తలాతోకా లేని ముక్కలను ఫౌండ్ 000 అనే ఫోల్డర్ల పడేస్తది. పైంగ ఆ రాతంతా పాడైతున్న డిస్కు మీదనే రాస్తది. ఫ్రిజ్ మాట సుత మరిచిపో. చల్లటి డిస్కు బయటికి రాంగనే లోపల తేమ పడుతది. హెడ్డు పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులనే తేలుతది, నీటి చుక్క దానికి గుట్ట అసొంటిది.

ఇగ నీ అంకెలు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో మామూలుగ రా వాల్యూలను (అసలు అంకెలను) హెక్స్, అంటె పదహారు గుర్తుల లెక్కల చూపిస్తది, అందుకే 5ఏ2 అన్న అక్షరం కనబడ్డది. ఫంక్షన్ మెనూల అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందుల రా వాల్యూస్‌కు పోయి మామూలు పది గుర్తుల లెక్క (డెసిమల్) పెట్టుకోవచ్చు. అట్ల మారిస్తే సీ5 అంటే 312, సీ7 అంటే 1442.

05 అనేది డిస్కు ఇప్పటికే పక్కకు పెట్టి బదులు జాగ ఇచ్చిన సెక్టార్లు. ఎనిమిదంటె పెద్ద లెక్క కాదు. సీ5 అంటే చదవరాక ఆగినవి, తర్వాత తేల్చుదామని పెట్టినవి. సెక్టారుకు 512 బైట్ల లెక్కన 312 అంటే 156 కేబీనే. 1 టీబీల ఇది చిటికెడు. కానీ ఆ చిటికెడు పార్టిషన్ మొదట్ల ఉన్న బూట్ సెక్టార్లనో, ఫైళ్ల చిట్టా ఉండే ఎమ్‌ఎఫ్‌టీలనో పడితే విండోస్‌కు అసలు అది ఏ డిస్కో అర్థం కాదు, అందుకే ఫార్మాట్ అడుగుతది. డేటా పోయిందని దాని అర్థం కాదు. రాస్తుండంగ కరెంటు పోతే సగం రాత మిగిలిన సెక్టార్లు సుత ఈ సీ5లనే చేరుతయి. అంటే పళ్లెం గీసుకపోయిందని ఇప్పుడే అనుకోవద్దు.

సీ7 వేరే కథ. డిస్కుకు, మదర్‌బోర్డుకు నడుమ తీగల పోయిన డేటా తప్పులు అవి. పాత సాటా కేబులు, వదులు కనెక్టరు, మంచిగ లేని పవర్ దీనికి కారణాలు. ఆ అంకె ఎన్నడూ తగ్గదు, పెరుగుతుందా ఆగిందా అన్నదే చూడాలె. కొత్త కేబులు వెయ్యి. కొక్కెం ఉన్నది తీసుకో, టక్కుమని పట్టుకుంటది.

టిక్ టిక్ అన్నంత మాత్రాన హెడ్లు పోయినట్టు కాదు, ఇది చానామందికి తెల్వదు. 3.5 అంగుళాల డిస్కు తిరుగుడు మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల లైను మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతది. ఆ కొద్ది సెకండ్లల్ల వోల్టేజీ కుంగితే డిస్కు హెడ్లను వెనక్కి పెట్టుకొని మల్ల మొదలుపెడుతది. ఆ చప్పుడు సుత టిక్కే. నీకు ఎస్‌ఎంపీఎస్ మార్చినంక మొదలైందంటున్నవు కాబట్టి దాన్నే ముందు అనుమానించాలె.

నీ డిస్కుతోటి మాత్రం ఈ పరీక్ష చెయ్యకు. ఏదన్న పనికిరాని పాత హార్డ్ డిస్కు, లేకుంటె డీవీడీ డ్రైవు తగిలించు. మల్టీమీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టరుల నల్ల తీగ పిన్నుకు నల్ల కొస, పసుపు తీగ పిన్నుకు ఎర్ర కొస పెట్టు. 11.4 నుంచి 12.6 నడుమ ఉండాలె. ఎర్ర తీగ దగ్గర 4.75 నుంచి 5.25. ఊకె ఉన్నప్పుడు కాదు, డిస్కు తిరుగుడు మొదలుపెట్టే ఆ క్షణంల చూడు. కొస జారి పక్క పిన్నుకు తాకితే షార్టయితది, పైలం. ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నదో సుత చెప్పు. మీద 450 వాట్లని ఉండి 12 వోల్టుల దగ్గర 12 ఆంపియర్లే ఉంటె, అసలు పనికొచ్చేది 144 వాట్లు.

ఎస్‌ఎంపీఎస్, కేబులు రెండూ మంచివని తేలినంకనే నీ డిస్కును ఒక్కసారి తగిలించి విను. మెత్తగ తిరిగి, బయాస్‌ల సరైన మోడల్ పేరు, సరైన సైజు చూపిస్తే ఇంట్లనే చేసుకోవచ్చు. మంచి పవర్ ఇచ్చినా ఒక్క తీరుగ టక్, టక్, టక్ అంటుంటె, లేదా సైజు సున్నా చూపిస్తె హెడ్లు పోయి ఉండొచ్చు. అప్పుడు వెంటనే ఆపెయ్, ఆ పైన ల్యాబ్ పని. అసలు తిరగకుండ, చేతికి కదలిక తెలువకుండ ఉంటె అది బోర్డు కథ. కీచుమని సన్నగ మోగి ఆగితే హెడ్లు పళ్లానికి అతుక్కున్నయో, మోటరు పట్టుకున్నదో. తట్టుడు, ఊపుడు చెయ్యద్దు.

కాజీపేట_కరెంట్

డిస్కు విషయం మేస్త్రి గారు చెప్పారు. కరెంటు వైపు నేను రాస్తాను, ఎందుకంటే అసలు కారణం సరిచేయకపోతే కొత్త డిస్కు కూడా పోతుంది.

ఒక గదిలో లైటు ఎక్కువ వెలగడం, అదే సమయంలో ఇంకో గదిలో మసకబారడం: ఇది పిడుగు లక్షణం కాదు, న్యూట్రల్ తెగిన లక్షణం. మీకు త్రీ ఫేజ్ మీటరు ఉండి ఉండాలి. న్యూట్రల్ పోతే ఒక ఫేజ్ మీద ఉన్న సామాను, ఇంకో ఫేజ్ మీద ఉన్న సామాను వరుసగా కలిసిపోయి రెండు ఫేజుల మధ్య 400 వోల్టులను పంచుకుంటాయి. తక్కువ లోడు ఉన్న వైపుకు ఎక్కువ వోల్టేజీ వస్తుంది. 230 వోల్టుల ఏసీ శిఖరం 325 వోల్టులు. ఎస్‌ఎంపీఎస్‌లో పెద్ద కెపాసిటర్లు సాధారణంగా 400, 450 వోల్టులకు తట్టుకుంటాయి. 400 వోల్టుల ఏసీ శిఖరం 565. అందుకే అవి పేలుతాయి.

స్పైక్ గార్డు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు దీన్ని ఆపదు. అందులోని ఎమ్‌ఓవీ మైక్రోసెకండ్లలో వచ్చి పోయే పోటు కోసం చేసింది. సెకండ్ల తరబడి 350 వోల్టులు నిలబడితే అదే కాలిపోతుంది. పైగా ఎర్తింగ్ లేని సాకెట్లో దాని పని సగమే. మీకు కావలసింది మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజీ, అండర్ వోల్టేజీ ప్రొటెక్టర్. త్రీ ఫేజ్‌కు నాలుగు పోల్సుది. వోల్టేజీ 270 దాటగానే మొత్తం సప్లై కట్ చేసి, సరిగ్గా వచ్చాక కొంత ఆగి కలుపుతుంది.

దానికంటే ముందు లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో మీటరు నుంచి మెయిన్ స్విచ్ వరకు న్యూట్రల్ జాయింట్లు చూపించండి. అల్యూమినియం సర్వీసు తీగ రాగి తీగతో కలిసే చోట పచ్చగానో తెల్లగానో పూత పడుతుంది, బిగింపు వదులవుతుంది. పాత ఇళ్లలో న్యూట్రల్‌కు కూడా ఫ్యూజు కట్టి ఉంటారు. అది తీసేయించాలి, ఆ ఫ్యూజు పోయిందంటే మొన్న జరిగిందే మళ్లీ జరుగుతుంది. లోపం స్తంభం మీద ఉంటే 1912కు ఫోన్ చేసి ఎన్‌పీడీసీఎల్ వాళ్లకు న్యూట్రల్ లూజ్ అని స్పష్టంగా చెప్పండి. కరెంటు పోయిందని మాత్రమే చెబితే ఫ్యూజు వేసి వెళ్లిపోతారు.

ఎర్తింగ్ పరీక్ష: కంప్యూటర్ పెట్టే సాకెట్లో ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య ఏసీ వోల్టేజీ దాదాపు సమానంగా ఉండాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య 2, 3 వోల్టులు మించకూడదు. అక్కడ 40, 60 చూపిస్తే ఎర్త్ తీగ ఎక్కడో తెగి ఉంది. హన్మకొండ గుట్టల పక్కన రాతి నేల, ఎండాకాలం ఎర్త్ గుంత పూర్తిగా ఎండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి బకెట్ నీళ్లు పోయండి.

ఇంటి ఇన్వర్టర్ ఉంది కదా అని కంప్యూటర్‌ను దాని మీదే వదిలేయకండి. ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా పూర్తి లోడు మీద 16, 17 మిల్లీసెకండ్లే నిలబడుతుంది. చాలా ఇన్వర్టర్ల వెనుక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటుంది. నార్మల్ మోడ్‌లో మారడానికి 40 మిల్లీసెకండ్ల దాకా పట్టొచ్చు, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. రాస్తున్న డిస్కుకు అదే దెబ్బ. స్విచ్ యూపీఎస్ వైపు ఉందో లేదో చూడండి. విడిగా 600 వీఏ యూపీఎస్ పెట్టుకుంటే ఇంకా మంచిది. అది దాదాపు 360 వాట్లు ఇస్తుంది, మామూలు డెస్క్‌టాప్‌కు చాలు. లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీని రెండు మూడేళ్లకు మార్చాల్సిందే. లైటు వెలుగుతోంది కాబట్టి బాగుందనుకుంటారు, కరెంటు పోయిన క్షణంలో అదీ పోతుంది.

పత్రాల_పెట్టె

అన్నా, డిస్కు మీద ఉన్న ప్రతిదాన్నీ డిస్కులోంచే తీయాల్సిన అవసరం లేదు. ల్యాబ్‌కు పంపే పరిస్థితి వస్తే ఏ ఫోల్డర్లు ముఖ్యమో వాళ్లకు రాసివ్వాలి, అందుకే ముందే వేరు చేసుకోండి.

భూమి కాయితాలు: రిజిస్టర్ అయిన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. దస్తావేజు నంబరు, సంవత్సరం తెలిస్తే చాలు. నంబరు గుర్తు లేకపోతే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీస్తే అందులో కనబడుతుంది. వ్యవసాయ భూమి రికార్డులు ఇప్పుడు భూభారతి పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ డిజీలాకర్‌లోకి తెచ్చుకోవచ్చు. స్కాన్ పోయినంత మాత్రాన హక్కు పోదు, ఒరిజినల్ భద్రంగా ఉందో లేదో చూసుకోండి.

దుకాణం: ఫైల్ చేసిన జీఎస్‌టీఆర్ 1, 3బీ రిటర్నులు, 2బీ స్టేట్‌మెంట్లు జీఎస్‌టీ పోర్టల్ నుంచి దించుకోవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్లు బ్యాంకులో దొరుకుతాయి. కానీ రైతులకు ఇచ్చిన ఉద్దెర ఖాతాలు, స్టాకు, బిల్లు వారీ బాకీలు ట్యాలీలో తప్ప ఎక్కడా ఉండవు. లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలని జీఎస్‌టీ చట్టం చెబుతోంది. అందుకే మీ జాబితాలో ట్యాలీని మొదట పెట్టండి. ఆడిటర్ దగ్గర మార్చి నెల బ్యాకప్ ఉందేమో అడగండి, చాలాసార్లు ఉంటుంది. ట్యాలీ ఈఆర్‌పీ 9 బ్యాకప్ ఫైలు పేరు టీబీకే900 అని మొదలవుతుంది. పాత పెన్‌డ్రైవుల్లో, మెయిల్ అటాచ్‌మెంట్లలో ఆ పేరుతో వెతకండి.

ఫొటోలు: పాత ఫోన్లు, వాటి మెమరీ కార్డులు, గూగుల్ ఫొటోస్ ఖాతా చూడండి. వాట్సాప్‌లో చుట్టాలకు పంపినవి దొరికినా సైజు తగ్గిపోయి ఉంటాయి, వాటిని ఆఖరి దిక్కుగా లెక్కపెట్టుకోండి. పెండ్లి ఫొటోలైతే తీసిన స్టూడియోను అడగొచ్చు.

వడ్డేపల్లి_కట్ట

అందరికీ థాంక్స్. త్రీ ఫేజ్ మీటరే. న్యూట్రల్‌కు పింగాణీ ఫ్యూజు ఉంది, ఎలక్ట్రీషియన్ తీసేసి నేరుగ కలిపిండు, ప్రొటెక్టర్ వేయిస్తున్నం.

కొత్త ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద 12 వోల్టుల దగ్గర 12 ఆంపియర్లే ఉంది. పాత డిస్కు తగిలించి చూస్తే ఊకె ఉన్నప్పుడు 11.8, తిరగడం మొదలైనప్పుడు 10.9కి పడింది. వేరే సిస్టం నుంచి తీసిన మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్ పెడితే 12.1, తిరిగేటప్పుడు 12.0. దానితోటి, కొత్త కేబులుతోటి నా డిస్కును ఒక్కసారి పెట్టిన. టిక్ రాలేదు. బయాస్‌లో మోడల్, సైజు సరిగ్గ ఉన్నయి. వెంటనే ఆపేసిన. కాపీ ఎట్ల చెయ్యాలె?

డిస్కు_మేస్త్రి

మంచిగ చేసినవ్ తమ్మీ. అట్లనే ఆపి ఉంచు.

కొత్తగ 2 టీబీ డిస్కు కొను. 1 టీబీ సరిపోదు, ఎందుకంటె నీ డిస్కు ఇమేజ్ (డిస్కు మొత్తాన్ని ఒక్క ఫైలుగ చేసిన నకలు) సరిగ్గ 1,000,204,886,016 బైట్లు అయితది. అంతే సైజు డిస్కును ఫార్మాట్ చేసినంక అందుల ఆ ఫైలు పట్టదు. దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గ ఫార్మాట్ చెయ్యి. ఫ్యాట్32 అయితె 4 జీబీ దాటిన ఫైలును పట్టదు.

సిస్టమ్ రెస్క్యూ అనే లినక్స్‌ను రూఫస్‌తోటి పెన్‌డ్రైవుకు ఎక్కించు. పాడైన డిస్కును కాపీ చేసే జీఎన్‌యూ డీడీరెస్క్యూ, పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్ రెండూ అందులనే ఉంటయి. ఉబుంటు వాడితె ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. అసొంటి పేరుతోటి వేరే ప్రోగ్రాము సుత ఉన్నది, అది కాదు. విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీ తీగ పీకెయ్, పొరపాటుకు చోటే ఉండద్దు. పాత డిస్కు, కొత్త డిస్కు రెండూ మదర్‌బోర్డు సాటా పోర్టులకే తగిలియ్యి. యూఎస్‌బీ కేసుల పెట్టకు. పాడైన సెక్టారు దగ్గర డిస్కు ఆలస్యం చేస్తే ఆ కేసుల ఉన్న చిప్పు లింకు తెంపేస్తది.

లినక్స్ వచ్చినంక ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండుతోటి డిస్కుల పేర్లు చూడు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు ప్రతి బూట్‌కు మారొచ్చు కాబట్టి మోడల్, సీరియల్ నంబరు డిస్కు మీది స్టిక్కరుతోటి పోల్చి కాయితం మీద రాసుకో. కొత్త డిస్కును మౌంట్ చెయ్యి (అంటె ఫైళ్లు తెరిచేటట్టు సిస్టంకు కలుపు), పాతదాన్ని అస్సలు మౌంట్ చెయ్యకు. డీడీరెస్క్యూల వరుస ఎప్పుడూ ఒక్కటే: ముందు పాత డిస్కు పేరు, తర్వాత కొత్త డిస్కు మీద ఇమేజ్ ఫైలు పేరు, ఆఖరుకు మ్యాప్ ఫైలు (ఏ జాగ కాపీ అయిందో రాసుకునే చిట్టా) పేరు. మొదటి రెండు తారుమారైతె నీ డేటా మీదనే రాత పడే ప్రమాదం ఉన్నది, అట్ల రాత పడ్డదాన్ని ఏ ల్యాబూ తియ్యలేదు. ఎంటర్ కొట్టేముందు ఇంకొకల్లతోటి సుత చదివించు.

మొదటి విడత డి, ఎన్ ఆప్షన్లతోటి నడుపు. డి అంటె సిస్టం నడుమ బఫర్ లేకుండ నేరుగ చదువుడు. ఎన్ అంటె పాడైన జాగను గీకకుండ దాటేసుడు. మంచిగున్న డేటా అంతా ముందు బయటపడుతది, డిస్కు నడుమల చచ్చినా నష్టం తక్కువ. సెకనుకు 100 ఎంబీ లెక్కన 1 టీబీకి మూడు గంటలు చాలు. సెక్టార్లు పాడైన డిస్కుకు ఒక రోజు సుత పట్టొచ్చు. మ్యాప్ ఫైలు ఉన్నంతసేపు కరెంటు పోయినా భయం లేదు, అదే కమాండు మల్ల కొడితె ఆగిన జాగకెల్లి మొదలుపెడుతది. మ్యాప్ ఫైలు లేకుండ మాత్రం ఎన్నడూ నడపకు. అది పెన్‌డ్రైవు మీద లైవ్ సిస్టంల కాదు, కొత్త డిస్కు మీదనే ఉండాలె, లేకుంటె రీస్టార్ట్ కాంగనే మాయమైతది.

డిస్కును డబ్బా బయట పెట్టి, మీదికెల్లి టేబుల్ ఫ్యాన్ గాలి తగిలియ్యి. కదిలియ్యకు. వేడి 50 డిగ్రీలు దాటితె కంట్రోల్ సీ కొట్టి ఆపి చల్లారనియ్యి. వేగం ఒక్క ఎంబీ కన్న తగ్గి గంట సేపు అట్లనే ఉంటె, లేదా టిక్ మల్ల వినబడితె ఆపి ఇక్కడ చెప్పు.

వడ్డేపల్లి_కట్ట

మొదటి విడత ఐదు గంటల్లో అయింది. 99.99 శాతం వచ్చింది, 1.9 ఎంబీ మిగిలిందని చూపిస్తుంది. టిక్ రాలేదు. వేడి 41 దాటలేదు. ఇంకో విడత నడపాలెనా, ఇక్కడితో ఆపాలెనా?

డిస్కు_మేస్త్రి

చప్పుడు లేదు, వేడి లేదు కాబట్టి రెండో విడత నడుపు. ఈసారి ఎన్ తీసేసి, ఆర్ 3 (పాడైన జాగను మూడుసార్లు మల్ల చదివే ఆప్షన్) పెట్టు. అదే ఇమేజ్, అదే మ్యాప్ ఫైలు. మిగిలిన 1.9 ఎంబీల నిజంగ పాడైనది 312 సెక్టార్లే ఉండొచ్చు, చుట్టుపక్కల దాటేసిన మంచి సెక్టార్లు సుత అందులనే ఉన్నయి. అవి వస్తయి. తర్వాత పాత డిస్కు తీసి, తారీఖు రాసి పక్కన పెట్టు. డేటా అంతా చేతికొచ్చి రెండు జాగల కాపీ పెట్టేదాక దాన్ని పారెయ్యకు, ఫార్మాట్ చెయ్యకు. ఇంకెన్నడూ దాని మీద కొత్త డేటా సుత పెట్టకు.

ఇగ పనంతా ఇమేజ్ మీదనే. విండోస్‌ల డీఎమ్‌డీఈ అనే డేటా తీసే ప్రోగ్రాము తెరిచి ఆ ఇమేజ్‌ను డిస్కు లెక్క ఎక్కియ్యి. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన బూట్ సెక్టారు నకలు పార్టిషన్ ఆఖరు సెక్టార్ల పెట్టుకుంటది. మొదటిది పోయినా ఆ నకలు పట్టుకొని పూర్తి ఫోల్డర్ల చెట్టు పేర్లతో సహా చూపిస్తది. ఉచిత ఎడిషన్‌ల ఒక్కోసారికి ఒక ఫోల్డర్లకెల్లి 4000 ఫైళ్ల దాక తియ్యొచ్చు. సంవత్సరాల వారీగ ఫోల్డర్లు ఉంటె విడతలు విడతలుగ అయిపోతది. ఫోటోరెక్ ఆఖరుకు. అది ఫైలు ఆకారం చూసి తీస్తది, పేర్లు, ఫోల్డర్లు ఏవీ రావు, 180 జీబీ ఫొటోలు కలగాపులగం అయితయి.

ట్యాలీ డేటాకు ఫోటోరెక్ పనికిరాదు. కంపెనీ డేటా ఒక్క ఫైలు కాదు, 10000 అసొంటి ఐదంకెల పేరున్న ఫోల్డరు మొత్తం. అందులున్న 900 ఎక్స్‌టెన్షన్ ఫైళ్లన్నీ ఒకదానితోటి ఒకటి కలిసి ఉండాలె. ఫోల్డర్‌ను పూర్తిగ తీసి, ఇంకో కాపీ చేసి, ఆ కాపీనే ట్యాలీల తెరువు. తప్పులు చూపిస్తె కంట్రోల్, ఆల్ట్, ఆర్‌తోటి రీరైట్ చెయ్యొచ్చు, కానీ కాపీ మీదనే. రీరైట్ అయినంక ట్రయల్ బ్యాలెన్సును పాత ప్రింటు, ఫైల్ చేసిన రిటర్నులతోటి పోల్చు. తెరుచుకున్నది కదా అని ఊరుకుంటె నడుమ నెల వోచర్లు ఎగిరిపోయింది తర్వాత తెలుస్తది.

ఏ ఫొటోలు పాడైనయో తెలుసుకునే ఉపాయం ఒకటున్నది. ఇమేజ్ నకలు మీద డీడీరెస్క్యూ ఫిల్ మోడ్ నడిపితె, చదవరాని జాగలల్ల నువ్వు చెప్పిన గుర్తు మాట నింపుతది. తర్వాత తీసిన ఫైళ్లల్ల ఆ మాటను వెతుకు. దొరికిన ఫైళ్లే దెబ్బతిన్నవి. వేల ఫొటోలు ఒక్కొక్కటి తెరిచి చూసే బాధ తప్పుతది.

కాజీపేట_కరెంట్

ఆ 12 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్‌ను షాపుకు తిరిగి ఇచ్చి, వోల్టేజీ 10.9కి పడుతోందని మీటరుతో చూపించి మార్పించుకోండి. కొనేటప్పుడు పెద్ద అక్షరాల వాట్లు కాదు, 12 వోల్టుల ఆంపియర్లు చదవండి. మీ సిస్టంకు 25 ఆంపియర్లకు తగ్గకుండా, 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది) ఉన్నది తీసుకోండి.

2 టీబీ డిస్కు కొన్నారు కాబట్టి దాన్ని బ్యాకప్ అనుకోకండి. ఇప్పుడు అదే అసలు. ఇంకో బయటి డిస్కు కావాలి, కాపీ అవగానే తీగ పీకి బీరువాలో పెట్టాలి. ఎప్పుడూ తగిలించి ఉంచితే న్యూట్రల్ పోయినా, వైరస్ వచ్చినా రెండూ ఒకేసారి పోతాయి. ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉండాలి. నయీంనగర్ నాలా పొంగినప్పుడు కింది అంతస్తు మొత్తం మునిగిన ఇళ్లున్నాయి, బీరువా ఎత్తు సరిపోదు. నీటిలో తడిసిన డిస్కుకు బియ్యం, డ్రయ్యర్ వద్దు. ఆన్ చేయకుండా, ఆరనివ్వకుండా జిప్ కవర్లో మూసి ల్యాబ్‌కు పంపాలి. ఆరితే బురద పళ్లేల మీద గట్టిపడుతుంది.

విండోస్‌లో ఫోల్డర్లు కాపీ చేసే రోబోకాపీ కమాండులో మిర్రర్ ఆప్షన్ వాడేవాళ్లు జాగ్రత్త. అసలు ఫోల్డరులో పొరపాటున తీసేసింది నకలులోనూ తీసేస్తుంది. ట్యాలీకి రోజూ దుకాణం మూసేముందు దాని బ్యాకప్ ఆప్షన్‌తోనే తీసి, వారంలో ప్రతి రోజుకూ ఒక ఫోల్డరు చొప్పున ఏడు ఉంచండి. నెలకోసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్లో రీస్టోర్ చేసి తెరుచుకుంటుందో లేదో చూడండి.

నర్సంపేట_రోడ్

ఇదే థ్రెడ్‌లో ఒక చిన్న ప్రశ్న అన్నలూ. విండోస్ 11 ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు మార్చినంక నీలం స్క్రీన్ మీద 48 అంకెల కీ అడుగుతుంది. ఎస్‌ఎస్‌డీ మంచిగనే ఉంది. వేరే కంప్యూటర్లో పెట్టినా అట్లనే అడుగుతుంది. ఫార్మాట్ తప్ప దారి లేదా?

డిస్కు_మేస్త్రి

అది బిట్‌లాకర్, విండోస్ డిస్కుకు వేసే తాళం. తాళం చెవి పాత మదర్‌బోర్డుల ఉన్న టీపీఎమ్ చిప్పుల ఉన్నది, బోర్డు మారితె ఎస్‌ఎస్‌డీ కీ అడుగుతది. ఫార్మాట్ చెయ్యకు. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఏ మెయిల్‌తోటి మైక్రోసాఫ్ట్ ఖాతా పెట్టిన్రో గుర్తు తెచ్చుకో. ఫోన్ల ఆ ఖాతాల లాగిన్ అయ్యి డివైసెస్‌కు పోతె రికవరీ కీలు కనబడుతయి. స్క్రీన్ మీద చూపించే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు అక్కడ ఉన్నదానితోటి కలవాలె. ఇంట్ల ఇంకొకల్ల ఖాతాతోటి మొదలుపెట్టి ఉండొచ్చు, అందరివీ చూడు. ఆఫీసు, కాలేజీ మెయిల్ అయితె వాళ్ల ఐటీ వాళ్ల దగ్గర ఉంటది. షాపుల పాత బోర్డు ఇంకా ఉంటె పారెయ్యద్దని ఇయ్యాల్నే చెప్పు. బాగుచేసి ఒక్కసారి ఆన్ అయ్యేటట్టు చేస్తె కీ లేకుండనే తెరుచుకోవచ్చు. కీ లేదు, బోర్డు లేదు అంటె మాత్రం డబ్బులు తీసుకొని తీస్తమనే వాళ్లను నమ్మకు, ఆ తాళం ఎవ్వరూ పగలగొట్టలేరు.

నర్సంపేట_రోడ్

అక్క మెయిల్ ఖాతాలో దొరికింది అన్నా. తెరుచుకుంది. కీ కాయితం మీద రాసి పెట్టిన.